బయటికి పోయే తలుపు

మేముండే ఊరి శివారు వెర్రిబీ దాటి పడమటికి కారులో ఇంకాస్త దూరం పోతే ఇళ్ళు అయిపోతాయి. అక్కణ్ణుంచి అంతా చదును నేల. గొర్రెలు మేసే గడ్డి, నల్లరాళ్ళు పేర్చిన పొట్టి గోడలు, ఆగకుండా కొట్టే గాలి. ఆ చదునులో ఒక పాత రాతి చర్చి ఉంది. ముందు చదరపు బురుజు, వెనక పొడవాటి హాలు, పైకి పోయేకొద్దీ కోసుగా కలిసే కిటికీలు. మా అమ్మాయి బాప్తిస్మం అక్కడ జరిగింది.

ఆ సాయంత్రం గురించి నేను చెప్పేది మా ఇంట్లో ఎవరూ వినరు. మా ఆవిడ ఎల్సా "మళ్ళీ మొదలెట్టారా" అంటుంది. మా అత్తయ్య మరియరాణిగారు చేతిలో పని వదలకుండా "దేవునికి స్తోత్రం" అంటారు. మా సంఘంలో కుర్రాడు మార్క్ నవ్వేస్తాడు. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి ఇలా రాస్తున్నాను. రాసేటప్పుడు ఎవరూ మధ్యలో అడ్డు తగలరు కదా.

నాకు కోపం ఎక్కువే, కాదనను. వేర్‌హౌస్‌లో లారీలను వేళకు పంపించడం నా ఉద్యోగం. ఒక డ్రైవరు టీ తాగుతూ కూర్చుంటే నా రోజంతా తలకిందులవుతుంది. అలాంటివాడికి ఇంటికొచ్చాక పసిపిల్ల ఏడుపు ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మామూలు ఏడుపయితే పడేవాణ్ణి. ఎల్సాకి రెండుసార్లు కడుపు పోయి, ఇక లేదనుకున్నాక పుట్టిన పిల్ల ఇది. పగలంతా బంగారం. పొద్దుగూకేసరికి మొదలయ్యేది. ఆకలి కాదు, తడి కాదు, జ్వరం కాదు. భుజాన వేసుకుంటే నా వీపు వెనకాల ఎవరో ఉన్నట్టు అటే చూస్తూ, ఊపిరి చాలక నీలంగా మారేదాకా ఏడ్చేది. డాక్టరు కడుపునొప్పి అన్నాడు, నెలలు నిండితే తగ్గుతుందన్నాడు. మా అత్తయ్య బందరులో సంఘపెద్ద కూతురు, అయినా వంటింట్లో తలుపు వేసుకుని ఉప్పు దిగదుడిచారు. "ప్రభువు ఏమీ అనుకోడులే బాబూ" అన్నారు. ఏదీ పనిచెయ్యలేదు. ఒకరోజు నేను పని నుంచి వచ్చేసరికి ఎల్సా బాత్రూం నేల మీద కూర్చుని చెవులు మూసుకుని ఉంది. ఆ ఏడుపు ఆగితే చాలు, ఈ జన్మకి ఇంకేమీ అడగను అనుకున్నాను.

"బాప్తిస్మం ఇప్పించండి, అదే ఆగుతుంది," అన్నారు అత్తయ్య. "ప్లాస్టిక్ టబ్బులో కాదు. రాతి తొట్టి ఉన్న గుడిలో."

మా తెలుగు సంఘం ఆరాధన ఒక స్కూలు ఆటల హాల్లో జరుగుతుంది. బాస్కెట్‌బాల్ బుట్ట కింద పాస్టరు అయ్యగారు భానుప్రసాద్‌గారు ప్రసంగం చెబుతారు. బాప్తిస్మానికి నిజంగానే ప్లాస్టిక్ బేసిను. అత్తయ్యేమో బందరులో దొరలు కట్టించిన రాతి గుడిలో బాప్తిస్మం పొందినావిడ. ఆవిడ వీసా గడువు అయిపోయేలోపు రాతి తొట్టి వెతకడం నా నెత్తిన పడింది.

అలా దొరికింది ఆ చర్చి. తాళాలు హేజెల్ అనే పెద్దావిడ దగ్గరుంటాయి. చలికి ముక్కు ఎర్రబడినా పొట్టి చేతుల చొక్కా వేసుకుని తిరిగే మనిషి. ముందుగా ఒక శనివారం నన్నూ అత్తయ్యనూ పిలిచి అంతా చూపించింది.

ఇంగ్లండ్ నుంచి వచ్చి గొర్రెల మీద బాగా సంపాదించిన ఒక దొర దాన్ని కట్టించాడట. తన సొంత ఊళ్ళో వందల ఏళ్ళనాటి చర్చి ఎలా ఉండేదో, కొలతలు తెప్పించుకుని అచ్చు అలాగే కట్టించాడు. గోడలకు ఆనించిన లావుపాటి రాతి దన్నులు, పైన పడవను బోర్లించినట్టు చెక్క కప్పు, ఆఖరికి ఊరివాళ్ళు కూర్చునే బల్లల చివర చెక్కిన పువ్వులు కూడా. ఆ పాత చర్చిని బాగుచేసేటప్పుడు రెండు వస్తువులు తీసి పారేస్తుంటే, వాటిని కొని ఓడ మీద తెప్పించాడు. ఒకటి బాప్తిస్మపు తొట్టి. ఎనిమిది పలకల రాయి, లోపల సీసపు రేకు, అంచున తుప్పుపట్టిన ఇనుప ముక్కలు. ఒకప్పుడు మూత పెట్టి తాళం వేసేవారట, ఆ నీళ్ళు ఎవరూ మంత్రాలకు దొంగిలించకుండా.

రెండోది ఒక తలుపు చట్రం.

గోడలన్నీ ఈ నేలలో దొరికే నల్లరాయి. దక్షిణపు గోడలో మాత్రం ఒక్కచోట పాలిపోయిన తెల్లరాయితో చిన్న కమాను. అందులో పొట్టి చెక్క తలుపు. నాలాంటివాడు తల వంచుకుని పోవాలి. కమాను రెండు చివర్లా రెండు తలకాయలు చెక్కారు. ఒకటి ఎండకు, వానకు అరిగి ముసలిదానిలా ఉంది. రెండోదానికి ముఖమే లేదు. అరగలేదు, ఎవరో ఉలి పెట్టి నున్నగా తీసేశారు.

"అక్కడ ఉన్నప్పుడే అలా చేశారు. ఎందుకో మాకు తెలీదు, లవ్," అంది హేజెల్. ఎవరినైనా ఆవిడ అలాగే పిలుస్తుంది.

"ఈ తలుపు ఎటు పోవడానికి?" అన్నాను. బయట వట్టి గడ్డి.

"ఎటూ కాదు. ఇంగ్లండ్‌లో ఇది ఉత్తరపు గోడకు ఉండేది. అక్కడ ఎండ పడని వైపు ఉత్తరం. ఇక్కడ ఎండ ఉత్తరం నుంచే వస్తుంది కదా, అందుకని దొర దీన్ని దక్షిణానికి మార్చాడు. ఇది చీకటి వైపే ఉండాలి." కాస్త మొహమాటంగా నవ్వింది. "బాప్తిస్మం అప్పుడు బిడ్డను వదిలి పోయేది ఏదైనా ఉంటే, దానికి దారి కావాలి కదా. మీ ప్రీస్ట్ సాతానును వదులుకుంటారా అని అడుగుతాడు చూడు, అప్పుడు తెరువు. నీళ్ళు పోయగానే మూసి గడియ పెట్టు. మళ్ళీ ముట్టుకోకూడదు. ఇది పోవడానికే. దీంట్లోంచి ఎవరినీ లోపలికి రానివ్వం."

"మీరు నమ్ముతారా?"

"నమ్మకం సంగతి నాకు తెలీదు. మా అమ్మ చేసేది, నేనూ చేస్తున్నాను."

అత్తయ్యకు తెలుగులో మళ్ళీ చెప్పాను. ఆవిడ విన్నది ఒక్క ముక్కే. "దక్షిణపు ద్వారమా?" అని ముఖం చిట్లించారు. ఏసుప్రభువును నమ్ముకున్నాం గానీ వాస్తును వదల్లేదు మావాళ్ళు. "అదికాదత్తయ్యా, ఆ తలుపు ఎవరూ తియ్యకూడదు," అని ఇంకోసారి చెప్పాను. "సరే బాబూ" అన్నారు. ఆ సరే విలువ ఎంతో నాకు అప్పుడే తెలియాల్సింది.

బాప్తిస్మం జూన్ నెలలో పెట్టుకున్నాం. ఇక్కడ అది చలికాలం. మధ్యాహ్నం ఆరాధన, చీకటి పడకముందే భోజనాలు అయిపోవాలని నా ఏర్పాటు. మా సంఘంలో అందరికీ ఫోన్లు చేసి, వేళ ఒక గంట ముందుకు జరిపి మరీ చెప్పాను. మనవాళ్ళు దానికి రెండు గంటలు కలుపుకుని వచ్చారు. దారిలో అయ్యగారి కారు టైరు పంక్చరైంది. బిర్యానీ ట్రేలు తేవాల్సిన మార్క్ ఫోన్ ఎత్తడు. బాప్తిస్మంలో పిల్ల తరఫున మాటిచ్చే జ్ఞానతండ్రి కూడా వాడే. వాన మొదలైంది. ఉత్తరం వైపు వాకిట్లో తడిసిన చెప్పులు కుప్పపడ్డాయి. రాతి నేల మంచుగడ్డలా ఉన్నా గుడిలోకి చెప్పులతో రావడం మావాళ్ళ వల్ల కాదు. హీటరు ఒకటే ఉంది, దాని చుట్టూ ఆడవాళ్ళు మూగారు. గోడకు మేకు కొట్టకూడదు కాబట్టి ఎల్సా తెచ్చిన పూలదండలు బల్లల మీద పడి ఉన్నాయి.

"ఏవండీ, కాస్త నవ్వండి. ఫొటోలో అలాగే వస్తారు," అంది ఎల్సా.

నవ్వాను. నా తలప్రాణం తోకకొచ్చింది.

ఆరాధన మొదలయ్యేసరికి కిటికీ రంగుటద్దాలు నల్లబడిపోయాయి. సరిగ్గా ఆ వేళకే, రోజూలాగే, పిల్ల మొదలెట్టింది.

ఆ రాతి హాల్లో ఆ ఏడుపు ఇంటి ఏడుపులా లేదు. పైకప్పు దాకా పోయి, రెండింతలై కిందికి దిగుతోంది. పాట వినపడట్లేదు. అయ్యగారు గొంతు పెంచారు. అందరూ తొట్టి చుట్టూ చేరారు. ఎల్సా చేతుల్లో పిల్ల విల్లులా వెనక్కి వంగిపోతోంది. నేను దక్షిణపు తలుపు దగ్గర నిలబడ్డాను, గడియ మీద చెయ్యి వేసుకుని.

అప్పుడు కరెంటు పోయింది.

నాకు వెంటనే తెలిసిపోయింది. ఆఖరి నిమిషంలో వచ్చిన మార్క్ బిర్యానీ ట్రేలు వేడిచేసే పెట్టెలు తెచ్చి హీటరు ఉన్న ప్లగ్గుకే తగిలించాడు. వద్దని చెప్పాను. రెండుసార్లు చెప్పాను. ఎవరో కొవ్వొత్తులు వెలిగించారు. కొందరు ఫోన్ లైట్లు పట్టుకున్నారు. అయ్యగారు ఆపలేదు.

"సాతానును, వాని క్రియలన్నిటిని విసర్జించుచున్నారా?"

"విసర్జించుచున్నాము," అన్నాడు మార్క్.

గడియ లాగాను. బిగుసుకుపోయింది. భుజం ఆనించి తోశాను. తలుపు తెరుచుకోగానే చలి ఒక్కసారి ముఖాన కొట్టింది. తడి గడ్డి వాసన. దాని అడుగున ఇంకో వాసన... ఎన్నాళ్ళో పెట్టెలో మగ్గిన ఉన్నిబట్ట, ఆర్పిన వత్తి.

వెనక బల్లల్లోంచి ఎవరో లేచారు.

పొడవాటి కోటు. ముసలాయన. నడవాలో నెమ్మదిగా నా వైపే వస్తున్నాడు. హేజెల్ తరఫు మనిషి కాబోలు, ఏడుపు భరించలేక పోతున్నాడు అనుకున్నాను. నాకు ఒళ్ళు మండింది. ఇంకాసేపు ఆగలేడా? నా పక్కనుంచి, నన్ను దాదాపు రాసుకుంటూ పోయాడు. చెయ్యి మాత్రం చూశాను. బొటనవేలు మిగతా వేళ్ళ కొసల మీద ఒక్కొక్కదాని మీదుగా నెమ్మదిగా జరుగుతోంది. చూపుడు వేలు నుంచి చిటికెన వేలు దాకా... మళ్ళీ మొదటి నుంచి. బట్టల కొట్లో బట్ట నాణ్యం చూసినట్టు.

తల వంచి, తలుపులోంచి వానలోకి పోయాడు.

పిల్ల ఏడుపు ఆగిపోయింది.

తగ్గడం కాదు. ఆగిపోయింది. వాన చప్పుడు మొదటిసారి వినిపించింది. అయ్యగారు నీళ్ళు పోశారు. "కెజియా," అన్నారు. నీళ్ళు తల మీద పడగానే పిల్ల ఉలిక్కిపడి, వాళ్ళమ్మ ముఖం చూసి, నవ్వింది. బోసి నోటితో, అందరికీ కనపడేలా నవ్వింది. ఎల్సా అక్కడే ఏడ్చేసింది. నాకూ కళ్ళు తడిశాయి. పుట్టినప్పటినుంచి ఆ వేళప్పుడు నా కూతురి నవ్వు నేను చూడలేదు.

తలుపు మూశాను. గడియ పెట్టాను. నేనే, నా చేత్తోనే పెట్టాను. దాని మీద ఒట్టు వెయ్యమన్నా వేస్తాను.

"ఎలియాజర్ బ్రదర్, లైట్ల సంగతి కాస్త చూడండి," అన్నారు అయ్యగారు చివరి ప్రార్థన కాగానే. ఫ్యూజు పెట్టె బురుజు కింది గదిలో ఉంది. ఫోన్ లైటు నోట కరుచుకుని, సాలెగూళ్ళు దులుపుకుంటూ స్విచ్చి కోసం తడుముతున్నాను. గోడ అవతల బల్లలు జరుపుతున్నారు, పళ్ళాలు మోగుతున్నాయి. ఆ సందడిలో ఒక చప్పుడు విడిగా వినిపించింది.

గడియ లాగిన చప్పుడు.

పరుగెత్తుకొచ్చాను. దక్షిణపు తలుపు బార్లా తెరిచి ఉంది. ఆ గుమ్మంలో మా అత్తయ్య చేతిలో కొవ్వొత్తి పట్టుకుని, వానలోకి వంగి, తనకొచ్చిన ఇంగ్లీషులో పిలుస్తున్నారు.

"కమ్, కమ్. ఈట్. ఈటింగ్ అండ్ గోయింగ్."

"అత్తయ్యా, ఏం చేస్తున్నారు?"

"పాపం పెద్దాయన, బాబూ. కిటికీలోంచి చూశాను. అక్కడే చెట్టులా నిలబడున్నాడు, తడుస్తూ. పిల్ల బాప్తిస్మానికి వచ్చిన మనిషిని తినకుండా పంపుతామా? మన ఇంటా వంటా ఉందా?"

"ఆ తలుపు తియ్యొద్దని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను కదా."

"తలుపుదేముంది, మళ్ళీ వేసుకుంటాం," అన్నారు ఆవిడ. ఆయన వైపు తిరిగి, కాళ్ళు చూపించి, "షూస్... అవుట్‌సైడ్," అన్నారు.

నేను వాళ్ళ దగ్గరికి చేరేలోపే ఆయన వంగి బూట్లు విప్పుతున్నాడు. ఎంతో వినయంగా. విప్పి, గుమ్మం బయట పక్కపక్కన పెట్టి, వట్టి కాళ్ళతో లోపలికి అడుగుపెట్టాడు. ఆ అడుగు పడ్డ రాయి మీద తడి లేదు. అంత వానలోంచి వచ్చినవాడి కోటు మీద కూడా...

"మార్క్, ఆ ప్లగ్గు తీసెయ్," అని అరిచాను. ఏం చెయ్యాలో తోచక, చేతనైనది చేశాను. వెనక్కి పోయి స్విచ్చి ఎత్తాను. లైట్లు వచ్చాయి.

లైట్లు వస్తే అన్నీ మామూలుగా కనిపిస్తాయి. అదే నన్ను ముంచింది. ఆయన చివరి బల్ల మీద ఒక్కడే కూర్చున్నాడు. ఒళ్ళో పళ్ళెం, దాన్నిండా బిర్యానీ. ముద్ద ఎత్తలేదు. "ఎవరాయన?" అని మార్క్‌ని అడిగాను. "ఆ తాళాలావిడ తాలూకు కాదా అన్నా?" అన్నాడు. అయ్యగారిని అడిగితే, "మీ ఆఫీసువారేమో అనుకున్నాను," అన్నారు. ప్రతివాడికీ ఆయన ఇంకొకరి చుట్టం.

దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి ఇంగ్లీషులో అడిగాను. "సార్, మీరు హేజెల్‌గారితో వచ్చారా?"

తల ఎత్తాడు. నన్ను చూశాడు. ఇప్పటికీ ఎంత గింజుకున్నా ఆ ముఖం నాకు గుర్తు రాదు. కళ్ళు ఎలా ఉన్నాయి, గడ్డం ఉందా... ఏమీ లేదు. నున్నగా పోయింది.

"లోపలికి పిలిచినందుకు థాంక్యూ," అన్నాడు. చాలా మర్యాదగా. గుసగుసకి కొంచెం పైన.

బొటనవేలు కదులుతూనే ఉంది.

పిల్ల ఎక్కడ? తిరిగి చూశాను. పిల్ల ముందు వరసలో ఎల్సా దగ్గరుంది. అటు నడిచాను. ఆ హాలు ఎంత పొడవని? ఇరవై అంగలు. కానీ మనవాళ్ళు నన్ను పోనిస్తేగా. "బ్రదర్, స్పూన్లు ఎక్కడ?" "అన్నా, మంచినీళ్ళు అయిపోయాయి." "ఎలియాజర్, ఒక్క ఫొటో, ఒక్కటే, ఇలా తిరుగు." ఒకాయన నా చెయ్యి పట్టుకుని ఇంటి లోను వడ్డీ గురించి అడిగాడు. విదిలించుకున్నాను. నాకు పొగరు అనుకున్నారు. అనుకోనీ.

ఎల్సా దగ్గరికి చేరాను. ఆమె చేతులు ఖాళీగా ఉన్నాయి. కూర్చుని హాయిగా అన్నం తింటోంది.

"పాప ఏది?"

"అమ్మ తీసుకెళ్ళింది. పెద్దవాళ్ళ చేత దీవెన పెట్టిస్తోంది."

పెద్దవాళ్ళంటే మా సంఘంలో ఎవరున్నారు? అందరం నలభై లోపు వాళ్ళం. ఆ హాల్లో తల నెరిసిన మనిషి...

వెనక్కి తిరిగాను. హాలు ఆ చివర మా అత్తయ్య వంగి, పిల్లను ఆయన ఒళ్ళో పడుకోబెడుతున్నారు. "బ్లెస్, బ్లెస్," అంటున్నారు. ఆయన పిల్ల మీదికి తల వంచాడు. ఆ చెయ్యి నెమ్మదిగా లేచింది.

"అత్తయ్యా, వద్దు..."

లైట్లు పోయాయి.

చీకటి. ఆ వాసన మళ్ళీ. ఉన్నిబట్ట, ఆర్పిన వత్తి. బల్లలకు తగులుకుంటూ పరుగెత్తాను. మోకాలు చిట్లింది. ఎవరి పళ్ళెమో కింద పడి మోగింది. పిల్ల ఏడుస్తుందేమో అని చెవులు రిక్కించాను. ఏడవలేదు. ఏమీ వినిపించలేదు. వాన కూడా...

ఎవరో ఫోన్ లైటు వేశారు.

చివరి బల్ల మీద పిల్ల ఒక్కతే పడుకుని ఉంది. కళ్ళు తెరిచి, పైకప్పు చూస్తూ, కదలకుండా. పక్కన పళ్ళెం. ఒక్క మెతుకు తగ్గలేదు. అంతలోనే బిర్యానీ గడ్డకట్టి, మీద నెయ్యి తెల్లగా పేరుకుంది. మా అత్తయ్య అక్కడే నిలబడి తడబడుతున్నారు. "ఇప్పుడేగా... ఇక్కడే ఉన్నాడు బాబూ. నా చెయ్యి దాటలేదు."

పిల్లను గుండెకు హత్తుకుని తలుపు చూశాను. లోపలి నుంచి గడియ వేసి ఉంది. ఎవరు వేశారని అడిగితే అత్తయ్య తానేనన్నారు, ఆయన లోపలికి రాగానే. నేను చెప్పిన మాట ఆవిడ విన్నది ఆ ఒక్కసారే.

చర్చి అంతా వెతికించాను. మార్క్ గొణుక్కుంటూ బల్లల కింద కూడా చూశాడు. ఉత్తరం వాకిట్లో పిల్లల తల్లులు కూర్చుని ఉన్నారు, వాళ్ళను దాటి ఎవరూ పోలేదు. "వెళ్ళిపోయుంటాడు అన్నా, ముసలాయన. నువ్వెందుకు అంత కంగారు పడతావు?" అన్నాడు. పార్టీ పాడుచేస్తున్నానని అందరి చూపూ నా మీదే.

హేజెల్ తాళాల కోసం వచ్చింది. పొడవాటి కోటు ముసలాయన ఒకడు వచ్చాడని, చెయ్యి ఇలా ఇలా అంటుందని చెప్పాను. "మావాళ్ళెవరూ రాలేదు, లవ్," అంది. చెబుతూనే ఆమె దక్షిణపు తలుపు చూసింది, నన్ను చూసింది. బయటనుంచి చుట్టూ తిరిగి వెళ్ళాం. గుమ్మం ముందు బూట్లు అలాగే ఉన్నాయి. పాతకాలపు తోలు. అంత వానలో పొడిగా ఉన్నాయి.

మా ఇళ్ళల్లో ఎవరైనా ఉన్నారో లేదో తెలుసుకోవాలంటే గుమ్మం ముందు చెప్పులు చూస్తాం. చెప్పులు బయట ఉంటే మనిషి లోపలే ఉన్నట్టు. ఆ మాట హేజెల్‌తో అనలేదు. అనక్కర్లేకపోయింది. ఆమె బూట్ల వైపు చూస్తూ, నా చేతిలో పిల్ల వైపు చూడకుండా, "ఎవరైనా పిలిచారా?" అని మెల్లగా అడిగింది.

ఆ రాత్రి కెజియా తెల్లారేదాకా నిద్రపోయింది. మర్నాడూ అంతే. ఆ సాయంత్రాల ఏడుపు మళ్ళీ రాలేదు. ఎల్సా ముఖంలోకి రక్తం వచ్చింది, వంట చేస్తూ పాటలు పాడుతోంది. "చూశారా, బాప్తిస్మం," అంటారు అత్తయ్య. సంఘమంతా సాక్ష్యం చెప్పుకుంటున్నారు. నేనొక్కణ్ణే పానకంలో పుడకని.

సాయంత్రాలే కాదు, మా పాప అసలు ఏడవడం లేదు. ఎవరూ పట్టించుకోరేం? ఆకలేస్తే ఏడవదు. టీకా వేస్తే ఏడవలేదు, నర్సు మెచ్చుకుంది. పాలసీసా ఎప్పుడిస్తే అప్పుడు తాగుతుంది, ఇవ్వకపోతే చూస్తూ ఊరుకుంటుంది. ఆ బోసి నవ్వూ మళ్ళీ రాలేదు. ఎవరు ఎత్తుకున్నా మర్యాదగా ఒదిగి ఉంటుంది, చుట్టపు చూపుగా వచ్చినట్టు.

అయ్యగారి దగ్గరికి పోయి, మళ్ళీ బాప్తిస్మం ఇమ్మని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన నా భుజం తట్టారు. "ఒక్కటే బాప్తిస్మం, బ్రదర్. ఒకసారి ఇచ్చాక రెండోసారి ఇవ్వడానికి లేదు. మీరు బాగా అలిసిపోయారు. కొన్నాళ్ళు సెలవు పెట్టండి." హేజెల్‌కి ఫోన్ చేసి, ఒక్కసారి ఆ తలుపు తెరిచి పెట్టమని, పిల్లను తీసుకొస్తానని బతిమాలాను. "తలుపు తెరిస్తే చాలదు, లవ్. పొమ్మని అడగాలి. అది బాప్తిస్మంలో ఒక్కసారే అడుగుతారు. మీవాళ్ళు అడిగేశారు కదా," అంది.

బూట్లు మా ఇంట్లోనే ఉన్నాయి. అత్తయ్య ఆ రోజే సంచిలో పెట్టి తెచ్చేశారు. పారేస్తే ఊరుకోలేదు, చెత్తబుట్టలోంచి తీసి, తుడిచి, మళ్ళీ వాకిట్లో మా చెప్పుల పక్కన పెట్టారు. "మతిమరుపు పెద్దాయన. ఎప్పుడైనా వస్తే ఇవ్వొద్దూ?" అన్నారు. ఆవిడకు ఏం చెప్పినా గోడకు చెప్పుకున్నట్టే.

నిన్న ఎల్సా, అత్తయ్య బజారుకు వెళ్ళారు. పొద్దుగూకుతోంది. పిల్లను మంచం మీద పడుకోబెట్టి, పక్కన కూర్చుని, దాని పాదం పట్టుకుని గిల్లాను. చిన్నగా. తర్వాత గట్టిగా. గిల్లిన చోట ఎర్రగా కమిలింది. "ఏడవ్వే అమ్మా," అన్నాను. "ఒక్కసారి ఏడు. ఏడిస్తే చాలు, ఇంకేమీ అడగను."

కెజియా ఏడవలేదు. నా ముఖం వైపు ఓపిగ్గా చూసింది.

దుప్పటి అంచున దాని చెయ్యి వెల్లకిలా ఉంది. ఇంకా గిలక్కాయ కూడా పట్టుకోవడం రాని చెయ్యి. అందులో బొటనవేలు కదిలింది. చూపుడు వేలి కొసను తాకింది. అక్కణ్ణుంచి పక్క వేలికి... నెమ్మదిగా ఆ పక్క వేలికి... చిటికెన వేలి దాకా పోయి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.